‘ఇది’ నుండి ‘అది’కి : మస్తిష్కశాస్త్రం, కథనచికిత్స, ప్రాచ్యవిద్యల కర్తవ్యం

అనంతపురం నుండి బళ్లారికి పోయే మార్గంలో రమారమి సగం దూరాన ఉరవకొండ ఉన్నది. పడగ విప్పిన పామును తలపించే కొండ ఆ ఊరికి ఆనవాలు. ‘ఉరగకొండ’యే ఉరవకొండ అయినదని స్థానికుల విశ్వాసం. చుట్టూ మెట్టభూములు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ సీమలో ముంగారు వాన తప్పితే వేరుశనగ పోతుంది. వేరుశనగ పోతే అప్పు మిగులుతుంది. 1990వ దశకం చివరి నుండి రైతుల ఆత్మహత్యల వలన ఈ పీఠభూమి పేరు దేశమంతటా వినబడింది. కరవును గురించి ఆర్థికశాస్త్రవేత్తలు, జలవనరుల నిపుణులు విస్తారంగా వ్రాశారు. కరవు బారిన పడిన మనిషి మనస్సుకు ఏమవుతున్నది, ఆ మనస్సు తన బాధను ఏ మాటలతో చెప్పుకొంటున్నది అనే ప్రశ్న మాత్రం మన భాషాసాహిత్య పత్రికలలో అరుదుగానే కనబడుతున్నది. ఆ ప్రశ్న వైద్యులది మాత్రమే కాదని, సంస్కృతాంధ్రాలు బోధించే మనది కూడా అని విజ్ఞులకు నివేదించడమే ఈ వ్యాసోద్దేశం.

పొరుగున ఉన్న బళ్లారికి మానసికవైద్య చరిత్రలో ఒక విశిష్టస్థానం ఉన్నది. 1882లో అనంతపురం జిల్లా వేరుపడేవరకు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనిదే. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపొందిన పిమ్మట, బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఆ దశకం మధ్యలో బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం జరిపింది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, ముఖ్యమైన కొన్ని ఔషధాలను అందుబాటులో ఉంచి, మనోవ్యాధుల చికిత్సను పెద్ద ఆసుపత్రి నుండి పల్లె దాకా తీసికొని వచ్చిన ప్రయోగమది. ‘బళ్లారి నమూనా’ అని పేరొందిన ఆ పద్ధతియే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మాతృక. ఆ విధంగా మందు పల్లెకు వచ్చింది. పల్లె మాట వైద్యుని గదిలోనికి ఎంతవరకు వెళ్లింది అన్నది నేటికీ మిగిలి ఉన్న ప్రశ్న.

రెండు పక్షాలు

మానసిక చికిత్సారంగంలో నేడు రెండు ధోరణులు ప్రబలంగా ఉన్నవి. మొదటిది మస్తిష్కశాస్త్ర దృష్టి. దుఃఖం, భయం, నిరాశ మొదలైనవి మెదడులోని నాడీకణాల వ్యాపారాలనీ, వాటిని సరిచేయడానికి ఔషధమే ప్రధానసాధనమనీ ఈ పక్షంలోని తీవ్రవాదులు తలుస్తారు. రెండవది కథన దృష్టి. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ వైట్, న్యూజీలాండులో స్థిరపడిన డేవిడ్ ఎప్‌స్టన్ కలిసి 1990లో వెలువరించిన గ్రంథంతో ‘కథనచికిత్స’ లోకప్రసిద్ధిని పొందింది. మనిషి తన జీవితాన్ని ఒక కథగా అల్లుకొని, ఆ కథలోనే జీవిస్తాడు. ఆ కథ వైఫల్యాలతోనే నిండిపోయినపుడు అందులో చోటు దొరకని ఇతర సంఘటనలు మరుగున పడిపోతవి. వాటిని వెలికితీసి, కథను రోగి చేతనే తిరిగి అల్లించడం ఈ చికిత్స పద్ధతి. సమస్యను మనిషి స్వభావంగా గాక, మనిషికి వెలుపల ఉన్నదానిగా మాటలలో నిలపడం ఇందులో మొదటి మెట్టు.

ఈ రెండు పక్షాలు చాలకాలం పరస్పరం అనుమానంతో చూసుకొన్నవి. మనిషిని యంత్రంగా చూస్తున్నారని కథనవాదులు ఆక్షేపించారు. ప్రమాణం లేని మాటలు చెబుతున్నారని మస్తిష్కశాస్త్రవాదులు ప్రత్యాక్షేపించారు. గడచిన రెండు మూడు దశాబ్దాలలో ఈ వైరం కొంత సడలింది. కథ మెదడులో ఏ పని చేస్తుందో పరిశీలించడానికి కొన్ని ఆధారాలు లభించినవి. అవి మన తర్కశాస్త్ర పాఠానికి చాల సమీపంగా ఉండడం గమనార్హం.

స్మృతికి ఉండవలసిన గుర్తు

తర్కసంగ్రహం చదివిన విద్యార్థికి స్మృతి విచారం కొత్త కాదు. అనుభవం వలన సంస్కారం నిలుస్తుంది. ఉద్బోధకం తటస్థించినపుడు ఆ సంస్కారం మేల్కొంటుంది. అప్పుడు స్మృతి కలుగుతుంది. ఎదుట ఉన్నదానిని ‘ఇది’ అని తెలుసుకొంటాం. గతించినదానిని ‘అది’ అని తలుస్తాం. స్మృతిలో భాసించే ఈ ‘అది’తనానికే నైయాయికులు ‘తత్త’ అని పేరు పెట్టారు.

తీవ్రమైన భయానికి లోనైన మనిషి స్మృతిలో లోపించేది ఈ తత్తయే అని నా అభిప్రాయం. ఉదాహరణకు, అప్పులవాళ్లు ఇంటి ముందు నిలబడి పదిమందిలో అవమానించిన ఒక రైతును తలచుకొందాం. ఏండ్లు గడచిన తరువాత కూడ వాకిట మోటారు సైకిలు ఆగిన చప్పుడు వినబడగానే అతనికి చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. అతడు ఆనాటి సంఘటనను ‘అది’ అని తలచుకొనడం లేదు. ‘ఇది’ అని మరల అనుభవిస్తున్నాడు.

మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం అనుభవాన్ని దేశకాలాలతో ముడివేస్తుంది. అమిగ్డాలా అనే భాగం ప్రమాదసంకేతాన్ని పసిగట్టి శరీరాన్ని సిద్ధం చేస్తుంది. భయం హద్దు మీరినపుడు రెండవదాని ముద్ర గాఢంగా పడుతుందనీ, మొదటిదాని ముడి వదులుగా మిగిలిపోతుందనీ, అందువలన ఆ స్మృతికి ఎప్పుడు, ఎక్కడ అనే ఆనవాళ్లు ఉండవనీ పలువురు పరిశోధకుల సిద్ధాంతం. తమ విషాదవృత్తాంతాన్ని తామే వింటున్న రోగుల మెదడులో, మాటలు కూర్చడానికి సంబంధించిన బ్రోకా ప్రాంతపు క్రియ తగ్గినట్లు 1996లో అమెరికా పరిశోధకులు గుర్తించారు. పరీక్షింపబడినవారు ఎనిమిదిమందే కావున దానిని సిద్ధాంతంగా గాక సూచనగానే గ్రహించవలె. ‘నోట మాట రాలేదు’ అనే మన పలుకుబడి వెనుక శరీరధర్మం కూడ ఉండవచ్చునని ఆ సూచన. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం దీనికి మరొక వైపును చూపింది. చూచిన ముఖంలోని భావానికి పేరు పెట్టినపుడు అమిగ్డాలా క్రియ తగ్గుతున్నదని వారు కనుగొన్నారు.

మరొక విషయం ఇంతకంటె ముఖ్యమైనది. స్మృతి భద్రపరచిన తాళపత్రం వంటిది కాదనీ, తలచినపుడెల్ల కొంత కొత్తగా కూర్చుకొనేదనీ ఆంగ్ల మనస్తత్త్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే నిరూపించాడు. 2000లో కరీం నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ న్యూయార్కులో ఎలుకలపై జరిపిన ప్రయోగం దీనికి నాడీస్థాయిలో ఆధారం చూపింది. స్థిరపడిన భయస్మృతి కూడ తలపునకు వచ్చినపుడు కొంతసేపు మార్పునకు లోనయ్యే స్థితిలో ఉంటుంది. మరల స్థిరపడడానికి కొత్త మాంసకృత్తుల నిర్మాణం అవసరమవుతుంది. ఆ సమయంలో ఆ నిర్మాణాన్ని అడ్డుకొంటే ఆ భయం సన్నగిల్లింది. మానవుల విషయంలో దీని ఫలితాలు ఇంకను వివాదాస్పదమే. అయినను, తలరాత ఒక్కసారి వ్రాసి ముగించినది కాదనడానికి ఈ శాస్త్రం కొంత చోటు ఇచ్చిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈ జ్ఞానాన్ని, కథను జోడించిన పద్ధతి ఒకటి జర్మనీలోని కాన్‌స్టాన్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాగీ షౌవర్, ఫ్రాంక్ నాయ్‌నర్, థోమస్ ఎల్బర్ట్ రూపొందించారు. ఉగాండాలోని సూడాను శరణార్థులపై దానిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. రోగి ముందు ఒక త్రాడు పరుస్తారు. అది అతని జీవితం. మంచి ఘట్టం దగ్గర ఒక పువ్వును, విషాదఘట్టం దగ్గర ఒక రాయిని అతని చేతనే పెట్టిస్తారు. ఆ పిదప పుట్టిన నాటినుండి వరుసగా కథ చెప్పిస్తారు. రాయి ఉన్నచోట తొందరపడరు. అప్పుడు ఏమి చూచినదీ, ఒంటికి ఏమైనదీ, ఏమి తలచినదీ అడిగి, ఎప్పుడు జరిగినదీ ఎక్కడ జరిగినదీ మాటలలో కుదురుకొనే వరకు అక్కడనే ఉంటారు. వ్రాసిన కథను తరువాతి కూర్పులో చదివి వినిపిస్తారు. ఇందులో మంత్రమేమీ లేదు. ‘ఇది’గా వేధిస్తున్నదానిని ‘అది’గా చెప్పగలిగేటట్లు చేయడమే ఇందులోని పని.

తెలుగు వాక్యంలో బాధ స్థానం

బాధను మనిషి నుండి వేరుచేసి మాటాడడం ఆంగ్లంలో కష్టసాధ్యం. ఆ భాషలో మనిషి కర్తగా నిలిచి, తానే దుఃఖితుడనని విశేషణం తగిలించుకొంటాడు. కావుననే వైట్ ప్రత్యేకంగా ఒక మాటతీరును కల్పించవలసి వచ్చింది. తెలుగులో ఆ పని వ్యాకరణమే చాలవరకు చేసిపెట్టింది. ‘నాకు దిగులు పట్టుకొన్నది’, ‘నాకు భయం వేసింది’, ‘నాకు ఏడుపు వచ్చింది’ అనే వాక్యాలలో కర్త దిగులు, భయం, ఏడుపు. మనిషి బాలవ్యాకరణకారుడు షష్ఠిలో చేర్చిన ‘కు’ వర్ణకంతో ఒక ప్రక్కన నిలబడి ఉంటాడు. వచ్చినది పోగలదు; పట్టుకొన్నది వదలగలదు. వైద్యుడు ‘ఆ దిగులు ఎప్పుడు పట్టుకొన్నది? ఎప్పుడైనా కొంచెం వదిలిందా? వదిలిన పూట ఏమి చేశావు?’ అని అడిగితే అది పల్లెలోని పెద్దవాళ్లు అడిగే ప్రశ్నయే అవుతుంది. కథనచికిత్సలోని మొదటి ప్రశ్న కూడ అదే.

పదసంపద కూడ సామాన్యమైనది కాదు. దూరమైన మనిషి కోసం పెట్టుకొనేది బెంగ. రాబోయేదానిని తలచి కలిగేది దిగులు. గుండెలో కదలాడే భయం గుబులు. లోలోపల మనిషిని తినివేసేది మనేద. కన్నడ, ఉర్దూ భాషల సాంగత్యంతో సీమలో వాడుకైన బేజారు వీటన్నిటికంటె భిన్నం. అందులో విసుగు పాలు ఎక్కువ. ఇన్ని ఛాయలను నేటి వార్తాపత్రికల భాష ‘కుంగుబాటు’ అనే ఒక్క పదంలోనికి కుదించింది. దుఃఖతీవ్రతను కొలవడానికి లోకమంతట వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక వంటి సాధనాలను తెనిగించేటపుడు, మూలంలోని ఒక్కొక్క పదానికి నిఘంటువులో దొరికిన ఒక పదాన్ని పెట్టి ఊరుకొంటే చాలదు. ‘మీకు నిరాశాభావం కలుగుచున్నదా?’ అని అడిగితే లేదనే రైతు, ‘మనేద ఏమన్నా పట్టుకొన్నదా?’ అంటే తల వంచుకొనవచ్చును. ఆ ఇద్దరూ ఒక్క రైతే అయినప్పుడు, అతని ఆరోగ్యం అనువాదకుని చేతిలో కూడ ఉన్నదని మనం ఒప్పుకొనక తప్పదు.

అయితే ఇదే భాషలో తలుపులు మూసే మాటలు కూడ ఉన్నవి. ‘నా ఖర్మ’, ‘నా తలరాత ఇంతే’ అన్నపుడు కథ ముగిసిపోయినదని చెప్పిన వాడు నమ్ముతున్నాడు. ఆ మాట కొందరికి ఊరట ఇస్తుంది, తప్పు తమది కాదు గనుక. మరికొందరికి అదే దారి మూసివేస్తుంది. ఏ నోట ఏ అర్థంలో పలికినదో గుర్తించే సూక్ష్మశ్రవణం వైద్యునికి కావలె. అది మనం కావ్యపాఠంలో ధ్వనిని గురించి చెప్పే విద్యయే.

బృహదశ్వుడు ఇచ్చినవి రెండు

కథ మాత్రమే చాలునా అనే ప్రశ్నకు ఆంధ్రమహాభారతం అరణ్యపర్వంలోనే సమాధానం ఉన్నది. జూదంలో సర్వం కోల్పోయి అడవిలో ఉన్న ధర్మరాజు, తనవంటి దుఃఖితుడు ఇంకొకడు ఉన్నాడా అని బృహదశ్వ మహర్షిని అడుగుతాడు. మహర్షి నలోపాఖ్యానం చెబుతాడు. ధర్మరాజు కథను నేరుగా చెప్పక, అదే జూదంలో అంతకంటె ఒంటరిగా ఓడిపోయి తిరిగి నిలబడిన మరొకని కథ చెప్పడంలో ఔచిత్యం ఉన్నది. స్వీయసుఖదుఃఖాలలో మునిగి ఉండడం రసాస్వాదానికి విఘ్నమని అభినవగుప్తుడు చెప్పిన సంగతి మనకు విదితమే. తన శోకంలో మునిగినవాడు తన కథను తాను వినలేడు. నలుని కథను వినగలడు.

అయినను బృహదశ్వుడు కథతో ఆగలేదు. మరల ఎవరైనా జూదానికి పిలిస్తే ఏమిగతి అనే ధర్మరాజు భయాన్ని గుర్తించి, అక్షహృదయ విద్యను కూడ ఉపదేశించాడు. కథ ధైర్యాన్ని ఇచ్చింది. విద్య సాధనాన్ని ఇచ్చింది. సీమ రైతు తన మెట్టసేద్యాన్ని వానతో జూదమని చెప్పుకొనడం పరిపాటి. ఈ రైతుల బ్రతుకులను కథలుగా వ్రాసిన సింగమనేని నారాయణ తన సంపుటికి ‘జూదం’ అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. ఆ రైతు విషయంలో అక్షహృదయమంటే సాగునీరు, పంటబీమా, గిట్టుబాటు ధర, న్యాయమైన వడ్డీ. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. శరణార్థి విషాదం గడచిపోయినది కావున దానిని ‘అది’ అనవచ్చును. అప్పు తీరని రైతు విషాదం ఈ ఏడు కూడ ‘ఇది’యే. అతని కథను ఎంత నేర్పుతో తిరిగి అల్లించినను, వాకిట అప్పులవాడు నిలబడే ఉంటే ఆ చికిత్స సగమే. కరవును మెదడులోని వ్యాధిగా చిత్రించడం అపచారం. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో నిరుపేద దంపతుల ఆకలిని పెన్న ఇసుక నుండి, ఎండిన నేల నుండి విడదీయకుండ చెప్పినది ఇందుకే. మనోవైద్యుని వద్ద రైతు చెప్పే కథలో కూడ వాన, బ్యాంకు, అంగడి పాత్రలుగా ఉండవలె.

కొన్ని హెచ్చరికలు

మన పత్రికలలో తరచుగా కనబడే ఒక దోషాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. పాశ్చాత్యులు కనుగొన్నదంతయు మన శాస్త్రాలలో ముందే ఉన్నదనే వాదం శాస్త్రానికీ మేలు చేయదు, శాస్త్రాలకూ గౌరవం తేదు. నైయాయికుల మతంలో భావన అనే సంస్కారం ఆత్మగుణం. మెదడులోని మార్పు కాదు. తత్తను గురించిన వారి విచారం జ్ఞానస్వరూప నిర్ణయానికి ఉద్దేశింపబడినదే గాని రోగనివారణకు కాదు. చరకసంహిత సూత్రస్థానం 15వ అధ్యాయంలో చికిత్సాగృహంలో ఉండవలసిన పరిచారకులతోపాటు గాథలు, ఆఖ్యాయికలు, ఇతిహాసపురాణాలు చెప్పగల నేర్పరులను కూడ పేర్కొన్న మాట నిజమే. కాని అది వమనవిరేచనాదులకు సిద్ధపరచే సందర్భం. మనోరోగ ప్రకరణం కాదు. అదే గ్రంథం 11వ అధ్యాయంలో మనస్సును అహితవిషయాల నుండి మరల్చే సత్త్వావజయాన్ని మూడు చికిత్సలలో ఒకటిగా చెప్పింది. ఇవి పోలికలు. పోలిక ప్రశ్నలను పుట్టించగలదు; ప్రమాణం కాజాలదు.

రెండవ హెచ్చరిక కథాపక్షపాతులకు. బాధను చెప్పుకొంటే తగ్గుతుందనేది అన్నివేళలా సత్యం కాదు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు పలుదేశాలలో ప్రచారంలో ఉండేది. దాని వలన మేలు కనబడలేదనీ, కొందరికి కీడు కూడ జరిగి ఉండవచ్చుననీ తరువాతి పరీక్షలలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వలదన్నది. ఎప్పుడు చెప్పించవలె, ఎంత చెప్పించవలె, ఎక్కడ ఆపవలె అనే వివేకానికి మస్తిష్కశాస్త్రం, చికిత్సాపరీక్షలు తోడు కావలసినది ఇక్కడనే. తీవ్రమైన మనోవ్యాధులలో ఔషధం అవశ్యకం. దానికి బదులుగా కథను నిలిపేవాడు రోగికి ద్రోహం చేసినవాడవుతాడు.

మనం చేయదగినది

సంస్కృతాంధ్రాలు బోధించేవారు మనోవైద్యులు కాలేరు, కాకూడదు. కాని మన చేతనయ్యే పనులు మూడు ఉన్నవి. మొదటిది, మనోబాధను తెలిపే మాండలిక పదాలను, పలుకుబడులను మండలాల వారీగా సేకరించి, అవి వచ్చే పూర్తివాక్యాలతో సహా ఒక కోశంగా కూర్చడం. దిగులు పడుతుందా, పట్టుకొంటుందా, కమ్ముతుందా అనే క్రియాభేదం వైద్యునికి రోగి స్థితిని చెప్పవచ్చును. రెండవది, వైద్యులు వాడే ప్రశ్నపట్టికల తెలుగు అనువాదాలను వారితో కూర్చుని పరిశీలించడం. ఉరవకొండ సంతలోని మనిషికి అర్థం కాని అనువాదాన్ని అంగీకరించకపోవడం. మూడవది, కథను వినడంలో శిక్షణ. కథ ఎక్కడ ఆగింది, ఎవరిని కర్తగా నిలిపింది, ఏ ఘట్టాన్ని దాటవేసింది అని గమనించడం మన విద్యార్థులకు నేర్పుతూనే ఉన్నాం. ఆరోగ్య కార్యకర్తలకు దానినే సులభంగా నేర్పవచ్చును. ఈ మూడింటికీ ఒక నియమం ఉండవలె: రోగి చెప్పిన కథ రోగిది. దానిని పరిశోధనసామగ్రి పేరుతో పత్రికలకెక్కించే అధికారం ఎవరికీ లేదు.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అనే సంఖ్య ద్వారా రేయింబవళ్లు ఎవరైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటాడవచ్చును. ఫోనులో వినేవారికి రోగి ముఖం కనబడదు, నాడి అందదు. ఉన్నది మాట ఒక్కటే. ఏ అర్ధరాత్రియో ఉరవకొండ సీమ నుండి ఒక రైతు గాని, ఒక రైతు భార్య గాని ‘మనసు బాగలేదు’ అని ఆగిపోతే, ఆ మౌనం తరువాత ఏ మాట అడుగవలెనో వినేవారికి తెలిసి ఉండవలె. ఆ మాటను సేకరించి, విచారించి, అందించగల స్థానంలో మనం ఉన్నాం. ఈ విషయమై ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు, పరిశోధకులు, మనోవైద్యులు ఒకచోట కూర్చుని ఆలోచింతురని ఆశిస్తున్నాను.